కుట్టు మానితేనే ఆపరేషన్ పూర్తయినట్టు



ఇక బిడ్డలు చాలు అనుకొని మీరిద్దరూ ఆలోచించుకొని ఆపరేషన్‌కు సిద్ధపడి ఉండవచ్చు. లేదా ఈ మధ్యనే చేయించుకొని ఇంటికి వచ్చి ఉండవచ్చు. ఏ పద్ధతి మంచిది, ఎప్పుడు చేయించుకోవాలి అనే సంగతులు మీ ఆరోగ్య కార్యకర్త చెప్పే ఉంటారు. ఈ పాఠంలో చెప్పేది వేరే సంగతి. కోత పెట్టినచోట చీము పట్టడం గురించి.

"ఆపరేషన్ అయిపోయింది, ఇంటికి వచ్చేశాం, ఇంకేముంది?" అని చాలామంది అనుకుంటారు. డాక్టరు పని ఆ రోజుతో ముగియవచ్చు. గాయం పని మాత్రం అప్పుడే మొదలవుతుంది. కుట్టు శుభ్రంగా మానిననాడే ఆపరేషన్ పూర్తయినట్టు లెక్క. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకొని మిగిలింది చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

చీము ఎందుకు పడుతుంది?

చేనుకు కంచె ఎట్లాగో మన ఒంటికి చర్మం అట్లాగ. కంచె బాగున్నంతకాలం పశువులు లోపలికి రావు. చర్మం తెగనంతకాలం క్రిములు లోపలికి పోలేవు. ఆపరేషన్ కోసం డాక్టరు ఆ కంచెను ఒకచోట తెరుస్తారు. కోత అంగుళమే కావచ్చు. కంటికి కనిపించని క్రిమికి ఆ సందు చాలు.

ఈ క్రిములు ఎక్కడినుంచో రానక్కరలేదు. చీము పట్టించే క్రిములలో ముఖ్యమైనది స్టెఫైలోకోకస్. ఇది ఆరోగ్యంగా ఉన్నవారి చర్మం మీద, ముక్కు రంధ్రాలలో కూడా ఉంటుంది. అక్కడ ఉన్నంతవరకు హాని చేయదు. గాయంలోకి దిగితే మాత్రం పెరిగి పెచ్చుమీరుతుంది. మన రక్తంలోని తెల్లకణాలు దానితో పోరాడుతాయి. ఆ పోరులో చచ్చిన కణాలు, చచ్చిన క్రిములు కలిసినదే చీము.

క్రిములు గాయంలోకి చేరడానికి నాలుగు దారులు ఉన్నాయి.

1. ఆపరేషన్ చేయించుకొనేవారి సొంత చర్మం.
2. ఆపరేషన్ చేసేవారి, కట్టు కట్టేవారి చేతులు.
3. సరిగా శుద్ధి చేయని పరికరాలు, గుడ్డలు, దూది.
4. ఇంటికి వచ్చాక తగిలే మట్టి, మురికినీళ్లు, గాయం మీద పూసే పూతలు.

రెండు, మూడు దారులు మూయవలసింది ఆసుపత్రి. మొదటిది, నాలుగోది మూయడం మీ చేతిలోనూ ఉంది.

చీము సామాన్యంగా ఆపరేషన్ నాడే కనిపించదు. మూడోరోజు మొదలుకొని పదోరోజు లోపల బయటపడడం ఎక్కువ. అందుకే ఇంట్లో ఉన్నప్పుడే తెలుస్తుంది. నెల రోజుల లోపల ఎప్పుడు వచ్చినా అది ఆపరేషన్ గాయానికి పట్టిన చీముగానే వైద్యులు లెక్కకడతారు. కొందరికి చర్మం వరకే ఉంటుంది. కొందరికి లోపలి కండకు దిగుతుంది. ఇంకా అశ్రద్ధ చేస్తే పొట్ట లోపలికి, రక్తంలోకి పాకుతుంది. మొదటిది కట్టుతో, మందుతో పోతుంది. చివరిది ప్రాణం మీదికి తెస్తుంది.

చేతులు కడిగితే ప్రాణాలు నిలిచిన కథ

ఇది జరిగి ఎన్నో ఏళ్లయినా నేటికీ పాఠమే. 1847లో వియన్నా నగరంలోని పెద్ద ఆసుపత్రిలో కాన్పుకు వచ్చిన తల్లులు జ్వరం వచ్చి చనిపోతూ ఉండేవారు. ఆ ఏడు ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది చనిపోయారు. అక్కడ పనిచేసే సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టాడు. వైద్యులు శవాలను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే వచ్చి తల్లులకు కాన్పులు చేస్తున్నారు! బ్లీచింగు పౌడరు వంటి సున్నపు మందు కలిపిన నీళ్లలో చేతులు కడుక్కున్న తర్వాతే గదిలోకి రావాలని ఆయన కట్టడి చేశాడు. జూన్ నెలకు చావులు నూటికి రెండుకు దిగాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. చేతులు కడగడమే మందు.

తర్వాత 1865లో గ్లాస్గో నగరంలో లిస్టర్ అనే శస్త్రవైద్యుడు గాయాలకు, పరికరాలకు కార్బాలిక్ ఆమ్లం వాడి చీమును అరికట్టవచ్చునని చూపాడు. ఈనాడు మన ఆసుపత్రులలో పరికరాలను ఉడికించడం, చేతులు తోముకోవడం, మాస్కు కట్టుకోవడం అన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఈ భారం ఎవరిమీద పడుతుంది?

పేద దేశాలలోను, మనవంటి మధ్యరకం దేశాలలోను ఆపరేషన్ చేయించుకొన్న నూరుమందిలో 11 మందికి గాయానికి చీము పడుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెలిపింది. ఇది అన్నిరకాల ఆపరేషన్లకు కలిపిన లెక్క. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చిన్నది, శుభ్రమైనది. పేగులకు, పుండ్లకు చేసే ఆపరేషన్లతో పోలిస్తే దీనికి చీము పట్టే అవకాశం చాలా తక్కువ. కాబట్టి ఈ లెక్క చూసి భయపడి ఆగిపోనక్కరలేదు.

అయితే మనవైపు ఈ ఆపరేషన్ చేయించుకొనే వారి సంఖ్య పెద్దది. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహితలలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే. పైగా సిజేరియన్ కాన్పులు కూడా మనకు ఎక్కువ. ఆ సర్వేలోనే తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగినట్టు తేలింది. పెద్ద ఆపరేషన్‌తో పాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకొనేవారు ఎందరో. అక్కడ కోత పెద్దది కనుక జాగ్రత్త కూడా రెట్టింపు కావాలి.

ఇంటిమీద పడే భారం చూద్దాం. ఒక కూలి కుటుంబం అనుకోండి. భార్యకు రోజుకూలి 400 రూపాయలు, భర్తకూ అంతే అనుకోండి. గాయం సవ్యంగా మానితే రెండు వారాలలో ఆమె తన పనులకు పోగలదు. చీము పట్టిందనుకోండి. ఇంకో 15 రోజులు ఇంట్లోనే. కూలి నష్టం 6,000 రూపాయలు. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోవడానికి, పిల్లలను చూడడానికి భర్త 5 రోజులు పని మానితే ఇంకో 2,000. కట్టు మార్పించుకోవడానికి ఏడుసార్లు ఆటోలో పోయివస్తే, విడతకు 100 చొప్పున 700. అంతా కలిపి 8,700 రూపాయలు. ఇందులో మందుల ఖర్చు కలపలేదు. సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే, కాని చీము ఉచితం కాదు.

డబ్బుతోనే పోతుందా? చంటిబిడ్డ తల్లి అయితే బిడ్డను ఎత్తుకోలేదు. పక్కమీద తిరగలేదు. పెద్దపిల్ల బడి మాని వంటింట్లో చేరుతుంది. ఇంట్లో విసుగులు, తగవులు మొదలవుతాయి. "వద్దంటే విన్నావా?" అనే మాట అత్తగారినుంచి వస్తుంది. తప్పు ఆపరేషన్‌ది కాదు, క్రిమిది అని ఆ ఇంట్లో చెప్పేవారు ఉండరు.

ఆసుపత్రిమీద పడే భారం కూడా తక్కువది కాదు. సామాజిక ఆరోగ్య కేంద్రానికి ఉండేవి 30 పడకలు. చీము పట్టిన ఒక మనిషి రెండు వారాలు పడకమీద ఉంటే, ఆ పడక కోసం వచ్చిన కాన్పుమనిషిని పట్టణానికి పంపవలసి వస్తుంది. రోజూ కట్టు మార్చడానికి ఒక నర్సు సమయం పోతుంది. ఖరీదైన యాంటీబయాటిక్ మందులు ఖర్చవుతాయి. ఆ గాయంలోని క్రిమి చేతులద్వారా పక్కమంచానికి పాకే ప్రమాదం ఉంది. ఒకే వారంలో ఇద్దరు ముగ్గురికి చీము పట్టితే ఆపరేషన్ థియేటరునే మూసి శుద్ధి చేయవలసి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం నమ్మకం పోవడం. ఒక ఊళ్లో ఒకరికి చీము పట్టిందంటే ఆ ఊరినుంచి మరొకరు ఏ ఆపరేషన్‌కూ రారు, అవసరమైనదానికి కూడా.

మరువరాని రెండు సంఘటనలు

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలోని ప్రభుత్వాసుపత్రిలో 34 మంది స్త్రీలకు ఒకేరోజు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు చనిపోయారు. మిగిలినవారిని పరీక్షించి, అవసరమైనవారిని హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులలో చేర్చి కాపాడారు. ఇన్‌ఫెక్షనే ఈ మరణాలకు కారణమని ప్రభుత్వ విచారణలో చెప్పారు. నలుగురూ చిన్న బిడ్డల తల్లుల వయసువారే.

అంతకుముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క శిబిరంలో కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో ఆ జిల్లాలో జరిగిన శిబిరాల తర్వాత 13 మంది స్త్రీలు మరణించారు. అక్కడ మరణాలకు కారణమేమిటనే దానిమీద వాదాలు జరిగాయి. కాని అంత తక్కువ సమయంలో అంతమందికి చేస్తే పరికరాలు శుద్ధి చేయడానికి వ్యవధి ఎక్కడిది అనే ప్రశ్న దేశమంతా అడిగింది. 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో ఆపివేయాలని ఆదేశించింది.

ఈ సంగతులు దాచిపెట్టి, "ఏమీ కాదు, రండి" అని చెప్పడం మంచి ఆరోగ్యబోధ కాదు. ఏటా లక్షలాదిమంది ఈ ఆపరేషన్ చేయించుకొని క్షేమంగా ఉన్నారు. అది నిజం. జాగ్రత్త తప్పితే ఈ చిన్న ఆపరేషనే ప్రాణం తీయగలదు. అదీ నిజం. రెండూ తెలిసినవారే సరిగా నిర్ణయించుకోగలరు.

ఆపరేషన్‌కు ముందు మీరు చేయవలసినవి

1. జ్వరం, దగ్గు, ఒంటిమీద గజ్జి, సెగగడ్డలు, తెల్లబట్టతో పాటు పొత్తికడుపు నొప్పి ఉంటే దాచవద్దు. అవి తగ్గిన తర్వాతే ఆపరేషన్. వారం ఆలస్యమైతే నష్టంలేదు. అంతవరకు నిరోధ్ గాని, మాత్రలు గాని వాడవచ్చు.

2. రక్తపరీక్ష, మూత్రపరీక్ష తప్పక చేయించుకోండి. హిమోగ్లోబిన్ 7 గ్రాములకన్న తక్కువ ఉంటే ముందు రక్తం పట్టించే మందులు వాడాలి. చక్కెరవ్యాధి ఉన్నవారికి గాయం త్వరగా మానదు. చక్కెర అదుపులోకి వచ్చాకనే చేయించుకోవాలి.

3. ముందురోజు రాత్రి గాని, ఆ ఉదయం గాని సబ్బుతో తలనుంచి కాలిదాకా స్నానం చేయండి. బొడ్డు లోపల మట్టి లేకుండా శుభ్రం చేసుకోండి. గోళ్లు కత్తిరించుకోండి. ఉతికి ఎండలో ఆరవేసిన బట్టలు కట్టుకోండి.

4. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీసుకోవద్దు. బ్లేడు గీసినచోట కంటికి కనిపించని గాట్లు పడతాయి. క్రిములు వాటిలో గూడు కట్టుకుంటాయి. గొరగడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి సూచనలలో గట్టిగా చెప్పింది. అవసరమైతే ఆసుపత్రిలోనే కత్తిరిస్తారు.

5. బీడీ, సిగరెట్టు, చుట్ట తాగేవారు కొన్ని వారాల ముందే మానండి. పొగ తాగేవారి గాయం ఆలస్యంగా మానుతుంది. వేసెక్టమీ చేయించుకొనే మగవారు ఈ మాట ముఖ్యంగా గమనించాలి.

ఆసుపత్రిలో మీరు చూడవలసినవి, అడగవలసినవి

పరికరాలు శుద్ధి చేయడానికి ఆసుపత్రిలో ఆటోక్లేవ్ అనే యంత్రం ఉంటుంది. అది మన ప్రెషర్ కుక్కర్ వంటిదే. 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఆవిరిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో, గుడ్డలో చుట్టిన పరికరాలను 30 నిమిషాలు ఉంచుతారు. అందులో ఏ క్రిమీ బతకదు. పొట్టమీద చిన్న రంధ్రం చేసి గొట్టంలోనుంచి చూస్తూ చేసే ఆపరేషన్‌ను ల్యాప్రోస్కోపీ అంటారు. ఆ గొట్టాన్ని సామాన్యంగా ఒక మనిషికీ ఇంకో మనిషికీ నడుమ మందునీళ్లలో 20 నిమిషాలు నానవేసి, శుద్ధమైన నీళ్లతో కడగాలి. వట్టిగా తుడిచి వాడరాదు. ఇందుకోసమే ఒక వైద్యబృందం రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయరాదనీ, అన్ని చేయాలంటే మూడు గొట్టాలు ఉండాలనీ కేంద్ర ప్రభుత్వ నియమాలు ఉన్నాయి.

మీరు డాక్టరు కాకపోయినా ఈ ప్రశ్నలు మర్యాదగా అడగవచ్చు.

"అమ్మా, ఈ రోజు ఎంతమందికి ఆపరేషన్లు ఉన్నాయి?"

"ఒకరికీ ఇంకొకరికీ నడుమ పరికరాలు శుద్ధి చేస్తారా?"

"ఇంటికి పోయాక బాగోలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?"

అడిగినంత మాత్రాన ఎవరూ కోపగించుకోరాదు. మంచి నర్సమ్మ ఇటువంటి ప్రశ్నకు సంతోషిస్తుంది. జవాబు నచ్చకపోతే ఆ రోజు మానుకొని ఇంకోరోజు రావడానికి మీకు హక్కు ఉంది. అంగీకార పత్రంమీద సంతకమైనా, వేలిముద్ర అయినా వేసేముందు అందులో ఏముందో చదివించుకొని వినండి. ఇంటికి పోయేటప్పుడు ఇచ్చే చీటీ జాగ్రత్తగా దాచుకోండి.

ఇంటికి వచ్చాక

మొదటి రెండు రోజులు విశ్రాంతి. కట్టు తడవనీయవద్దు, విప్పి చూడవద్దు. 24 గంటల తర్వాత కట్టుకు నీళ్లు తగలకుండా స్నానం చేయవచ్చు. పొరపాటున తడిస్తే తడికట్టుతోనే ఉండక, ఏ.ఎన్.ఎమ్. దగ్గరకు పోయి మార్పించుకోండి. కట్టు దగ్గర చేయిపెట్టేముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

లంగా బొందు, చీర కుచ్చెళ్లు సరిగ్గా కుట్టుమీద రాసుకొంటాయి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. బొందు కాస్త పైకి గాని, వదులుగా గాని కట్టుకోండి. నైటీ వేసుకొంటే ఇంకా సుఖం.

రెండు రోజుల తర్వాత తేలిక పనులు చేసుకోవచ్చు. నీళ్లబిందెలు, బియ్యం బస్తా, గడ్డిమోపు ఎత్తడం రెండు వారాలదాకా వద్దు. నాట్లకు దిగడం, చెరువులో గాని కాలువలో గాని మునగడం, పశువుల కొట్టం ఊడ్వడం కూడా వద్దు. మురికినీళ్లు, పేడ తగిలితే చీమే గాక ధనుర్వాతం కూడా రావచ్చు. దంపతుల కలయికకు కనీసం వారం ఆగాలి. నొప్పి ఉంటే ఇంకా ఆగాలి.

48 గంటల లోపల ఏ.ఎన్.ఎమ్. గాని, ఆశా కార్యకర్త గాని చూడాలి. వారు రాకపోతే మీరే పిలవండి. ఏడోరోజున కుట్లు విప్పించుకోవడానికి, లేదా కరిగే కుట్లయితే చూపించుకోవడానికి తప్పక పోవాలి. "నొప్పి లేదు గదా, ఎందుకులే" అని మానవద్దు. ఏడోరోజు తేదీ గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

కోత కుట్టు లేని వేసెక్టమీ చేయించుకొన్న మగవారు రెండు రోజులు బరువు పనులు మానాలి. బిగుతైన లోపలి ఉడుపు ధరించాలి. సైకిలు, మోటారు సైకిలు వారంపాటు వద్దు. మూడు నెలలు గడిచి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేవరకు నిరోధ్ వాడాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు

మామూలుగా నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగిందంటే అనుమానించాలి. కుట్టు చుట్టూ ఎర్రబడడం, ముట్టుకుంటే వేడిగా ఉండడం, వాపు, రసి గాని చీము గాని కారడం, చెడువాసన, కుట్టు విచ్చుకోవడం, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

వణుకుతో జ్వరం, పొట్ట ఉబ్బి గట్టిపడడం, ఆగని వాంతులు, విపరీతమైన కడుపునొప్పి, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, మాట తడబడడం - ఇవి ప్రాణాపాయ సూచనలు. "గ్యాసు పట్టింది, వేడి చేసింది" అని సోడా తాగించి పడుకోబెట్టవద్దు. తెల్లవారేదాకా చూడవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అయిన మనిషి అని ముందే చెప్పండి.

మీ సందేహాలు, మా సమాధానాలు

ప్రశ్న: పప్పు తింటే చీము పడుతుందంటారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. చీము పట్టించేది క్రిమి, పప్పు కాదు. గాయం మానడానికి కొత్త కండ పుట్టాలి. దానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, చేపలో ఉన్నాయి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెడితే గాయం ఆలస్యంగా మానుతుంది. ఆకుకూరలు, జామ, నిమ్మ కూడా తినవచ్చు. చక్కెరవ్యాధి ఉన్నవారు డాక్టరు చెప్పిన ప్రకారం తినాలి.

ప్రశ్న: మా పెద్దమ్మ పసుపు, బూడిద అద్దితే త్వరగా ఎండుతుందంటున్నది.

జవాబు: పెద్దమ్మ ప్రేమ కాదనలేం. కాని డబ్బాలో పసుపు, పొయ్యిలో బూడిద క్రిమిరహితం కావు. ఆకుపసరు, సున్నం, కాఫీపొడి, పేడ ఏదీ వద్దు. శుభ్రమైన పొడికట్టు చాలు. పెద్దమ్మతో ఈ కాగితం చూపించి నెమ్మదిగా చెప్పండి.

ప్రశ్న: ఊళ్లో ఆర్.ఎమ్.పి. ఒక ఇంజక్షన్ ఇస్తే పోదా? అంతదూరం పోవడం కష్టం.

జవాబు: లోపల చీము చేరితే దాన్ని బయటికి తీయాలి. తీయకుండా ఇంజక్షన్లు వేస్తే రెండు రోజులు నొప్పి అణగి, లోపల పెరుగుతుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పోవడమే దగ్గరి దారి. వారికి మీ సంగతి తెలుసు. ఒకరికి చీము పట్టిందని తెలిస్తే, అదేరోజు ఆపరేషన్ అయిన తక్కినవారిని కూడా పిలిచి చూస్తారు. మీరు పోయినందువల్ల ఇంకొక తల్లి బతకవచ్చు.

ప్రశ్న: మందులు మూడు రోజులు వాడగానే తగ్గింది. మిగిలినవి దాచుకోవచ్చునా?

జవాబు: డాక్టరు ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులు వాడాలి. మధ్యలో మానితే బతికిన క్రిములు మందుకు లొంగనివిగా తయారు కావచ్చు. అట్లాగే డాక్టరు రాయని యాంటీబయాటిక్ మందుల షాపులో కొని వాడకూడదు. చీము లేనివారికి అదనపు ఇంజక్షన్లు బలం ఇవ్వవు.

ప్రశ్న: మందు వాడుతుంటే బిడ్డకు పాలు ఇవ్వవచ్చునా?

జవాబు: చంటిబిడ్డ ఉన్నదని డాక్టరుకు ముందే చెప్పండి. పాలిచ్చే తల్లికి పనికివచ్చే మందులే రాస్తారు. మీ అంతట మీరు పాలు మాన్పించవద్దు.

ప్రశ్న: ఇద్దరిలో ఎవరు చేయించుకొంటే ప్రమాదం తక్కువ?

జవాబు: మగవారికి చేసే కోత కుట్టు లేని వేసెక్టమీలో పొట్ట తెరవరు. చర్మంలో చిన్న రంధ్రం చేస్తారు, కుట్టు ఉండదు. 1974లో చైనాలో మొదలైన ఈ పద్ధతిలో, కత్తితో కోసే పాత పద్ధతికన్న చీము, రక్తపు గడ్డలు తక్కువ. మగతనం తగ్గదు, కష్టపడే శక్తి పోదు. అయినా దేశంలో ఈ ఆపరేషన్ వాడుక నూటికి ఒక్కటి కూడా లేదు. భారమంతా ఇల్లాలి పొట్టమీదనే పడుతున్నది. దంపతులు ఈ సంగతి ఒక పూట కూర్చొని మాట్లాడుకోవాలి.

భర్తలకు ఒక మాట

ఆపరేషన్ మీ భార్య చేయించుకొంటే, గాయం కాపలా మీది. నీళ్లు మోయడం, పశువుల పని, పెద్దపిల్లల స్నానాలు రెండు వారాలు మీరు చూసుకోండి. రోజూ ఒకసారి "నొప్పి తగ్గుతున్నదా, పెరుగుతున్నదా? జ్వరముందా?" అని అడగండి. మన ఇళ్లలో ఆడవారు అడగనిదే చెప్పరు. డబ్బు ఖర్చవుతుందని, ఇంటిపని ఆగుతుందని, అత్తమామలు ఏమనుకుంటారోనని ఓర్చుకుంటారు. ఆ ఓర్పే ఒక్కోసారి ప్రాణం తీస్తుంది.

నష్టం జరిగితే

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తర్వాత చీము పట్టడంవంటి చిక్కులు వచ్చినా, ఆపరేషన్ విఫలమై గర్భం వచ్చినా, ప్రాణనష్టం జరిగినా పరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. అంగీకార పత్రం నకలు, ఆసుపత్రి చీటీ, తర్వాత చేసిన వైద్యం కాగితాలు దీనికి అవసరం. దరఖాస్తుకు గడువు ఉంటుంది. కాబట్టి ఆలస్యం చేయక ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఇది దానం కాదు, మీ హక్కు.

జ్ఞాపకం ఉంచుకోండి

- స్నానం చేసి రండి, బ్లేడు వాడకండి.
- జబ్బు ఉంటే దాచకండి, వాయిదా వేసుకోండి.
- పరికరాల శుద్ధి గురించి అడగండి.
- కట్టు పొడిగా ఉంచండి, ఏ పూతా పూయకండి.
- పప్పు, గుడ్డు, పాలు తినండి.
- రెండోరోజు, ఏడోరోజు చూపించుకోండి.
- జ్వరం, చీము, పెరిగే నొప్పి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోండి.

ఈ కాగితం చదివాక పారవేయకండి. ఆపరేషన్ తేదీ, ఏడోరోజు తేదీ, మీ ఏ.ఎన్.ఎమ్. ఫోన్ నంబరు దీని వెనుక రాసి, ఆసుపత్రి చీటీతో కలిపి పెట్టుకోండి. మీ గాయం మానిన తర్వాత, ఆపరేషన్‌కు పోబోయే పక్కింటివారికి ఇవ్వండి.